అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలేనా? ఆరుబయట లోహశిల్పాల మీద అపోహలు - వాస్తవాలు

"సార్, మా శిల్పానికి అయస్కాంతం పట్టుకుంటోంది, మమ్మల్ని ముంచేశారా?" ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఎవరో వాట్సాప్‌లో వీడియో పెడతారు, కష్టార్జితం పోసి బొమ్మ పెట్టించుకున్నవాళ్లకు నిద్ర పట్టదు.

అపోహ: అసలు స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకోదు.

వాస్తవం: 304 అనే గ్రేడు (ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్ రకం) రేకుకు మామూలుగా అంటుకోదు, నిజమే. అదే రేకును వంచి, సుత్తితో సాగగొట్టి ఈకలుగా మలిచాక వంపుల దగ్గర కాస్త పట్టుకుంటుంది. వెల్డింగ్ అతుకుల దగ్గరా అంతే. గ్రేడు మాత్రం మారదు. అసలు నష్టం ఇంకోచోట ఉంది: 202 గ్రేడుకూ అయస్కాంతం అంటుకోదు! దాంట్లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చవక, కానీ ఆరుబయట త్వరగా మరకలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూసి, "ఒరిజినలే" అని డబ్బు కట్టేసినవాళ్లను చాలామందిని చూశాను.

విశాఖ బీచ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో స్టీలు నెమలి పెట్టించారు. వానాకాలం వెళ్లేసరికి ఒళ్లంతా గోధుమరంగు మరకలు. ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసిన సెక్రటరీగారికి ఫోన్‌లో గొంతు వణికింది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (లోహంలో ఏమేం ఎంత ఉందో ఎక్స్‌రేతో చెప్పే పరికరం) పెట్టి చూస్తే శుభ్రమైన 304. ఎవరూ మోసం చేయలేదు, ఉప్పుగాలికి అది చాలలేదంతే. అక్కడ 316 గ్రేడు వేయాలి, అందులో కలిపే 2-3 శాతం మాలిబ్డినం అనే లోహమే కాపాడేది. పైగా వాచ్‌మన్ చేత బాత్రూమ్ యాసిడ్ పోయించి ఇనుప పీచుతో తోమించారు. దయచేసి ఆ పని చేయకండి! ఆ యాసిడ్ స్టీలుకు గుంటలు పెడుతుంది, పీచు ముక్కలు ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. పాలిష్ పట్టి, పాసివేషన్ (ఇనుప మరకలు తీసి, స్టీలు మీది రక్షణ పొరను మళ్లీ కట్టించే రసాయన శుద్ధి) చేశాక నెమలి తేరుకుంది. ఇప్పుడు మంచినీళ్లతో తరచూ కడుగుతున్నారు.

ఆర్డరులోనే గ్రేడు రాయించుకోండి. మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌ (స్టీలు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం)లోని హీట్ నంబరు (ఆ స్టీలు ఏ పోతలోదో చెప్పే నంబరు), రేకు మీది నంబరు ఒకటేనా చూడండి. అనుమానముంటే గన్ టెస్ట్ చేయించండి.

అపోహ: బరువైన శిల్పం గాలికి పడదు.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. కట్టడాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం డిజైనుకు తీసుకునే మూల వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. ఎత్తు, గాలికి ఎదురయ్యే వైశాల్యం చూసి పునాది, యాంకర్ బోల్టులు లెక్క కట్టాలి. విప్పారిన నెమలి పింఛం అంటే తెరచాపే.

అపోహ: వెదరింగ్ స్టీలుకు (పైన గట్టి తుప్పు పొర కట్టే ఉక్కు) తుప్పే రక్ష, ఎక్కడైనా పెట్టొచ్చు.

తడిసి ఆరే చోట సరే. ఇంగ్లండ్‌లో 20 మీటర్ల 'ఏంజెల్ ఆఫ్ ద నార్త్' అనే వెదరింగ్ స్టీలు శిల్పం 1998 నుంచి అలాగే నిలబడింది. సముద్రం ఒడ్డున, నీళ్లు నిలిచే మూలల్లో మాత్రం వద్దు.

అపోహ: ఏ లోహాన్ని దేనికైనా బిగించొచ్చు.

రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకితే ఒకటి త్వరగా తుప్పు పడుతుంది. న్యూయార్క్ లిబర్టీ విగ్రహంలో రాగి తొడుగుకూ ఇనుప బద్దీలకూ మధ్య పెట్టిన ఇన్సులేషన్ పాడై ఇనుమును తుప్పు తినేసింది. 1986లో ముగిసిన మరమ్మతులో స్టెయిన్‌లెస్ బద్దీలు వేసి మధ్యలో టెఫ్లాన్ పెట్టారు. మీ దిమ్మె మీది ఇత్తడి ఫలకానికి ఇనుప బోల్టులు బిగించి ఉంటే, అవి తీయించి ఇత్తడివే వేయించండి.