దక్షిణాఫ్రికా యూనివర్సిటీ సీట్లు, జాతి కోటాలు: అపోహలు - వాస్తవాలు

1994లో వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికా యూనివర్సిటీల్లో ప్రవేశాలు ఎలా జరుగుతున్నాయో మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు మన రిజర్వేషన్ల చట్రాన్నే అక్కడికీ తీసుకెళ్తారు. అక్కడ రోస్టరు లేదు, ధ్రువపత్రం లేదు, దేశమంతటికీ ఒకే కౌన్సెలింగూ లేదు. తప్పుడు అంచనాలన్నీ ఇక్కడే పుడుతున్నాయి.

అపోహ: యూనివర్సిటీల్లో జాతి లెక్కలు 1994 తర్వాతే మొదలయ్యాయి.

వాస్తవం: 1959లో వచ్చిన చట్టానికి పెట్టిన పేరు 'యూనివర్సిటీ విద్య విస్తరణ చట్టం'. అది చేసింది మాత్రం తలుపులు మూయడం. కేప్‌టౌన్ యూనివర్సిటీ, జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల తెల్లవారు కాని విద్యార్థి చేరాలంటే మంత్రి అనుమతి కావాల్సి వచ్చింది. ఒక్కో సమూహానికి ఒక్కో కాలేజీ పెట్టారు: జులూ తెగవారికి న్గోయె అనే చోట, 'కలర్డ్' అని ముద్ర వేసిన మిశ్రమ సంతతివారికి వెస్టర్న్ కేప్‌లో. భారత సంతతివారికైతే 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవిలో, నౌకాదళం వదిలేసిన బారకాసుల్లో. 1983లో అనుమతుల బదులు కోటా పెట్టుకునే అధికారం మంత్రికిస్తూ మరో చట్టం చేశారు. అంటే నల్లజాతి విద్యార్థులు ఇంతకు మించకూడదనే హద్దు. యూనివర్సిటీలు గట్టిగా ఎదిరించడంతో అది అమలు కాలేదు. ఆ దేశంలో కోటా మొదట చట్టానికెక్కింది అడ్డుకోవడానికే. ఈ చరిత్ర తెలియకపోతే నేటి వాదనలు సగమే అర్థమవుతాయి.

అపోహ: ఎవరికెన్ని సీట్లో రాజ్యాంగమే రాసిపెట్టింది.

వాస్తవం: 1996 రాజ్యాంగంలో శాతాలు లేవు. వివక్షకు గురైనవారిని ముందుకు తెచ్చే చర్యలు తీసుకోవచ్చని 9(2) సెక్షన్ అంటుంది. 1997 ఉన్నత విద్యా చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రవేశ విధానాన్ని ఖరారు చేసేది ఆయా యూనివర్సిటీ పాలక కౌన్సిలే, అధ్యాపకుల సభ అయిన సెనేట్‌ను సంప్రదించి. గత అసమానతలను సరిదిద్దే చర్యలు ఆ విధానంలో ఉండాలి, అన్యాయమైన వివక్ష ఉండకూడదు. ఒకే విద్యార్థికి కేప్‌టౌన్‌లో సీటు వచ్చి డర్బన్‌లో రాకపోవడానికి కారణమిదే.

అపోహ: డర్బన్ మెడికల్ కాలేజీలో భారత సంతతివారికి కోర్టు కూడా న్యాయం చేయలేదు.

వాస్తవం: మన తెలుగువాళ్లకు నేరుగా తగిలే విషయమిది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన కుటుంబాల్లో తెలుగువారు చాలామంది. నాయుడు, రెడ్డి పేర్లు డర్బన్‌లో ఇప్పటికీ మామూలే. 1951లో మొదలైన ఆ మెడికల్ కాలేజీని ఆఫ్రికన్ (నల్లజాతి), భారతీయ, కలర్డ్ విద్యార్థుల కోసమే పెట్టింది. వర్ణవివక్షపై పోరాడిన నాయకుడు స్టీవ్ బీకో చదివింది అక్కడే. భారత సంతతి విద్యార్థులను 40 మందికి పరిమితం చేసిన విధానంపై 1995లో కేసు పడింది. మంచి మార్కులున్న అమ్మాయికి సీటు రాలేదు. కోర్టు విధానాన్నే సమర్థించింది. భారతీయులూ వివక్ష అనుభవించినవారేనని ఒప్పుకుంటూనే, ఆఫ్రికన్ పిల్లల బడులు అంతకంటే చాలా దీనస్థితిలో ఉండేవని, ఆ తేడాను లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. ఆనాటి బడులు జాతుల వారీగా నాలుగు మెట్లు: పైన తెల్లవారు, తర్వాత భారతీయులు, కలర్డ్, అట్టడుగున ఆఫ్రికన్లు. తీర్పు తర్కం సరైనదే. ఆ ఇంటి బాధా నిజమే.

తర్వాతి కాలంలో ఆ కాలేజీ ప్రకటించిన లెక్క: ఆఫ్రికన్లు 69 శాతం, భారతీయులు 19, కలర్డ్ 9, తెల్లవారు 2, ఇతరులు 1. ఇలాంటి గట్టి అంకెలతో ఒక చిక్కుంది. ఖరీదైన ప్రైవేటు బడిలో చదివిన డాక్టరు గారి అబ్బాయీ, ఫీజు లేని పల్లె బడి నుంచి వచ్చిన పిల్లా ఒకే 69 శాతంలో పోటీ పడతారు. గెలిచేది ఎక్కువగా మొదటివాడే. అందుకే పేద ప్రాంతాల బడులకు విడిగా సీట్లు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: కేప్‌టౌన్‌లో చర్మం రంగు చూసి మార్కులు కలుపుతారు.

వాస్తవం: 2016 ప్రవేశాల నుంచి మూడు అంచెల పద్ధతి వచ్చింది. ఆరు సబ్జెక్టుల శాతాలు కలిపితే 600 పాయింట్లు. లైఫ్ ఓరియంటేషన్ అనే జీవన నైపుణ్యాల సబ్జెక్టు లెక్కలోకి రాదు. మెడిసిన్‌కు నేషనల్ బెంచ్‌మార్క్ టెస్టులనే ప్రవేశ పరీక్షల 300 కలిపి మొత్తం 900. మొదటి అంచెలో కేవలం పాయింట్లు. రెండో అంచెలో వెనుకబాటు శాతం కలుస్తుంది: ఏ బడి, తల్లిదండ్రులూ, వాళ్ల అమ్మానాన్నలూ ఎంత చదివారు, ఇంట్లో ఏ భాష, ప్రభుత్వ భృతి మీద బతుకుతున్నారా అన్నవి చూస్తారు. 500 పాయింట్లున్న విద్యార్థికి 8 శాతం వస్తే 540 అవుతుంది. జాతి ప్రస్తావన మూడో అంచెలోనే.

దరఖాస్తులో జరిగే అతి పెద్ద పొరపాటు తల్లిదండ్రుల చదువు, ఇంటి భాష గడులను ఖాళీగా వదిలేయడం. చెప్పని వెనుకబాటును ఎవరూ లెక్కించలేరు. లైఫ్ ఓరియంటేషన్‌ను కలుపుకుని లేని పాయింట్లు ఊహించుకోవడం రెండోది. 11వ తరగతి మార్కులతో వచ్చే ఆఫర్ తాత్కాలికమేనని మరచి, మెట్రిక్ పరీక్షల్లో (అక్కడ 12వ తరగతి చివరి పరీక్షలు) పట్టు సడలించడం మూడోది.

అపోహ: జాతికి ధ్రువపత్రం ఇవ్వాలి.

వాస్తవం: మనుషులను జాతులుగా నమోదు చేసిన 1950 చట్టాన్ని 1991లోనే రద్దు చేశారు. ఇప్పుడు విద్యార్థి దరఖాస్తులో తానే రాసుకుంటాడు. భారతదేశం నుంచి వెళ్లే విద్యార్థి అక్కడి 'భారతీయ' లెక్కలోకి రాడు. కేప్‌టౌన్‌లో ఆ వర్గాలు దక్షిణాఫ్రికా పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే.

అపోహ: క్యాంపస్ గొడవలన్నీ సీట్ల కోసమే.

వాస్తవం: పెద్ద గొడవలు హాస్టలు, భాష, ఫీజుల దగ్గర రేగాయి. ఫ్రీ స్టేట్ యూనివర్సిటీలో హాస్టళ్లను కలపడాన్ని వ్యతిరేకిస్తూ రైట్జ్ హాస్టల్ తెల్ల విద్యార్థులు, అక్కడి నల్లజాతి పారిశుధ్య సిబ్బందిని అవమానిస్తూ తీసిన వీడియో 2008లో బయటపడింది. అదే యూనివర్సిటీలో పాఠం ఒకటే అయినా ఆఫ్రికాన్స్ (డచ్ నుంచి పుట్టిన అక్కడి భాష) గదిలో తెల్లవారు, ఇంగ్లీషు గదిలో నల్లవారు అన్నట్టు తయారైంది. ఆఫ్రికాన్స్ బోధనను తీసేయడాన్ని 2017 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. 2015 అక్టోబరులో దేశమంతా వీధుల్లోకి వచ్చింది ఫీజుల పెంపు మీద. 2016కు పెంపు సున్నా అయింది.

అపోహ: సీటు దొరికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: దక్షిణాఫ్రికా ఉన్నత విద్యా మండలి 2013 నివేదిక ప్రకారం రెగ్యులర్ విద్యార్థుల్లో గడువులోగా డిగ్రీ పూర్తిచేసేది నలుగురిలో ఒక్కరే. వడపోత అంతకంటే ముందే, పదో తరగతిలో మొదలవుతుంది. మ్యాథమెటిక్స్ బదులు మ్యాథమెటికల్ లిటరసీ (నిత్యజీవితపు లెక్కల సబ్జెక్టు) తీసుకున్న పిల్లలకు ఇంజినీరింగ్, మెడిసిన్ తలుపులు అక్కడే మూసుకుపోతాయి, ఆ పేపర్లో 90 వచ్చినా సరే. లెక్కల టీచరు లేని బడిలో పిల్లలకు మిగిలేది అదే సబ్జెక్టు. ప్రవేశ విధానం ఎంత బాగా రాసినా ఆ పిల్లల దరఖాస్తు దాని దాకా రాదు.