పాత కారు పెట్రోల్ ట్యాంకు లీకు: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒంగోలులో మా షెడ్డుకు వచ్చే పాత బండ్లలో మారుతి 800లు, ఆమ్నీలే ఎక్కువ. 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద తిరిగేదేదైనా పదేళ్లు దాటినదే. ట్యాంకు ఇనుప రేకుది. పెట్రోలు వాసన వస్తోందని తెచ్చేవాళ్లు చాలామంది అప్పటికే ఎవరో చెప్పిన మాట పట్టుకుని వస్తారు. ఆ మాటల్లో ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కింద పెట్రోలు కారుతోందంటే ట్యాంకుకు చిల్లు పడినట్టే.

నా దగ్గరికి వచ్చినవాటిలో రేకు బాగానే ఉండి, రబ్బరు పైపులు పోయినవే ఎక్కువ. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకులోకి ఒక లావు హోస్, దాని పక్కనే గాలి పోయే సన్న పైపు ఉంటాయి. పెట్రోలు ఎంతుందో మీటరుకు చెప్పే ఫ్లోటు బిగించిన చోట, సందులోంచి కారకుండా గ్యాస్కెట్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి క్లిప్పు కింద పగులుతుంది. అక్కడ ఊరిన పెట్రోలు రేకు వెంబడి జారి, ట్యాంకు అడుగున ఎక్కడో చుక్కగా పడుతుంది. చుక్క పడేచోటు చూసి ట్యాంకు మీద నింద వేస్తారు.

మొన్న వేసవిలో ఒక మాస్టారు 800 తెచ్చారు. "ట్యాంకు మార్చెయ్యమన్నారయ్యా, కొత్తది దొరుకుతుందా?" అన్నారు. "సార్, ఫుల్లు కొట్టించినప్పుడే కారుతోందా, ఎప్పుడూ కారుతోందా?" అని అడిగాను. ఫుల్లు కొట్టించిన రోజే కారుతుంది, సగానికి దిగాక ఆగిపోతుందన్నారు. ఆ ఒక్క మాటతో సగం పని తేలిపోయింది. సగానికి దిగాక ఆగితే లీకు పైన ఉన్నట్టు. రిజర్వులో కూడా కారుతుంటే అడుగున ఉన్నట్టు.

కింద అంతా గుడ్డతో తుడిచి ఆరనిచ్చాం. హోస్ చుట్టూ, ట్యాంకు అతుకు వెంబడి సుద్దపొడి అద్దాను. పెట్రోలు కొద్దికొద్దిగా పోయిస్తూ బయట నుంచి టార్చి వేసి చూశాం. లావు హోస్ క్లిప్పు కింద, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత కనబడింది. చూస్తుండగానే కిందికి పాకింది. హోస్, క్లిప్పు మార్చాం. ట్యాంకు జోలికే పోలేదు.

అపోహ: ఎండాకాలం ఫుల్లు కొట్టిస్తే ట్యాంకు పేలిపోతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా పేలదు. పెట్రోలు ఉబ్బుతుందని తెలిసే ట్యాంకులో కాస్త జాగా ఉంచి తయారు చేస్తారు. బంకులో గన్ను టక్కుమని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం మూతిదాకా పోయించడమే తప్పు. ఒక్కో డిగ్రీకి పెట్రోలు దాదాపు వెయ్యో వంతు ఉబ్బుతుంది. 800 ట్యాంకు 28 లీటర్లు. బంకు భూమిలోంచి చల్లగా వచ్చిన పెట్రోలు ఎండకు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ జాగా కూడా నింపేస్తే అదంతా ముసలి రబ్బరులోంచి దారి చూసుకుంటుంది. మాస్టారి బండికి జరిగింది అదే.

అపోహ: సబ్బు అద్దితే చాలు.

కాసేపటికి చాలు. సబ్బు పెట్రోలులో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కావలి దగ్గర హైవే మీద లీకు కనబడితే షెడ్డుదాకా రావడానికి బట్టల సబ్బు అద్దుకోండి. వాన పడినా, బండి కడిగినా అది పోయినట్టే. చిల్లులు పూడ్చే ఎం-సీల్ ముద్ద అయితే పెట్రోలు తడి ఉన్న రేకును అసలు పట్టుకోదు. "చుక్కే కదా" అని ఇంటి కింద పార్కింగులో వదిలేయకండి. సెకనుకో చుక్క పడితే రోజుకు సుమారు రెండు లీటర్లు పోతుంది.

అపోహ: ట్యాంకు ఖాళీ చేశాం కదా, వెల్డింగ్ పెట్టొచ్చు.

దీని గురించి ఎన్నిసార్లయినా చెబుతాను. మండేది పెట్రోలు ఆవిరి. గాలిలో అది సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ, ఖాళీ చేసిన ట్యాంకులో ఉన్నదంతా ఆవిరీ గాలీ. ఒకసారి నీళ్లు పోసి తొలిపినంత మాత్రాన పోదు. అతుకుల్లో, తుప్పు పొరల్లో ఇంకిన పెట్రోలు వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది.

నేను ట్యాంకుకు మంట పెట్టను, మా కుర్రాళ్లను పెట్టనివ్వను. రేడియేటర్లకు మాటు వేసే అనుభవమున్న పనివాళ్లకు పంపిస్తాను. వాళ్లు వేడినీళ్లు, సర్ఫుతో పలుమార్లు కడిగి, చిల్లు దగ్గరిదాకా నీళ్లు నింపి, దూరంగా కాల్చి తెచ్చిన సోల్డరింగ్ కడ్డీతో మాటు వేస్తారు. సూదిమొనంత చిల్లుకు అది నిలుస్తుంది. ముందు చిల్లు చుట్టూ గీకి చూడాలి. తుప్పు పొరలుగా రాలి, బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోతుంటే ట్యాంకు మార్చడం తప్ప దారి లేదు.

పెట్రోలు దించడానికి నోటితో పైపు లాగే అలవాటు ఇప్పటికీ పోలేదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. మింగినవాళ్లకు వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చేతి పంపు వాడండి, ప్లాస్టిక్ బకెట్లో కాకుండా ఇనుప డబ్బాలో పట్టండి. ముందే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు, షెడ్డులో బండి కింద పని చేయడానికి తవ్విన గుంతలోకి దిగి అక్కడే నిలుస్తుంది. కాబట్టి బండిని గుంత మీద పెట్టి ఈ పని చేయకూడదు.

అపోహ: చిల్లులన్నీ ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే.

సగం నిజం. ఇథనాల్ తేమను పీలుస్తుంది, దానికి తట్టుకునేలా తయారుకాని పాత రబ్బరును పాడుచేస్తుంది. నెలల తరబడి కదలని బండిలో నీరు అడుగున చేరి లోపలి నుంచి తుప్పు పట్టొచ్చు. కానీ కొత్తపట్నం, మైపాడు, ఇసకపల్లి వైపు తిరిగే బండ్లలో నేను చూసే తుప్పు బయటి నుంచే మొదలవుతుంది. రొయ్యల పెట్టెల నుంచి ఉప్పునీళ్లు ఫ్లోరులోంచి కారి, ట్యాంకు పట్టీల కింది మట్టిలో ఇంకిపోతాయి. పైకి రేకు మెరుస్తూనే ఉంటుంది, పట్టీ విప్పితే దాని వెడల్పునే తుప్పు గాడి కనబడుతుంది. ఏటా వానలు తగ్గాక పట్టీలు విప్పించి, మంచినీళ్లతో కడిగించి, ఆరాక రంగు వేయించండి.

ఏ రిపేరు చేయించినా ఫ్యూయల్ ఫిల్టరు కూడా మార్పించండి, కదిలిన తుప్పంతా వచ్చి చేరేది అందులోకే. ఆ రాత్రి బండిని ఆరుబయట ఆపి, ట్యాంకు కింద శుభ్రమైన అట్టముక్క పరచండి. పెట్రోలు తెల్లారేసరికి ఆరిపోయినా అట్ట మీద మరక ఉంటుంది. మరక కనబడితే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.