ఐసింగ్‌లో చెంచాడు నీళ్ళు

న్యూజెర్సీలో ఉంటున్న ఒక పాఠకురాలు ఈ ప్రశ్న పంపారు: "డిసెంబరు సెలవుల్లో పిల్లలతో కలిసి షుగర్ కుకీలు చేసి, వాటి మీద రంగురంగుల ఐసింగ్‌తో బొమ్మలు వేస్తున్నాం. ఐసింగ్ గట్టిగా ఉందని ఒక చెంచాడు నీళ్ళు పోస్తే ఒక్కసారిగా జారైపోతుంది. గీసిన గీత నిలవదు. అంత తక్కువ నీటికి అంత పెద్ద మార్పు ఎలా వస్తుంది?"

ఇంత మంచి ప్రశ్న నాకు ఈ మధ్య రాలేదు. కుకీ పిండి ఎలా కలపాలో, ఎన్ని డిగ్రీల్లో కాల్చాలో ఏ వంట పుస్తకమైనా చెబుతుంది కాబట్టి అవి వదిలేస్తాను. పిండిని ఫ్రిజ్‌లో చల్లబరిచి కాలిస్తే నక్షత్రం అంచులు నక్షత్రంగానే మిగులుతాయి. వెన్న కరగడం ఆలస్యమై, ఈలోగా పిండి గట్టిపడుతుంది. నాకు ఆసక్తి ఉన్నదంతా కుకీ పైన జరిగే కథ మీదే.

కుకీల మీద ఎక్కువగా వాడేది రాయల్ ఐసింగ్. గుడ్డు తెల్లసొన, మెత్తటి పంచదార పొడి, అంతే. కొలతలు ఇంటింటికీ మారతాయి గాని, 450 గ్రాముల పొడికి మూడు తెల్లసొనలు అనుకుందాం. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే. అంటే మూడింటిలో కలిపి సుమారు 80 గ్రాముల నీరు ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. గది ఉష్ణోగ్రతలో ఒక గ్రాము నీరు దాదాపు రెండు గ్రాముల పంచదారను కరిగించుకుంటుంది, అంతకు మించి కరిగించుకోలేదు. కాబట్టి 80 గ్రాముల నీటిలో కరిగేది 160 గ్రాములే. తక్కిన 290 గ్రాములు కరగకుండా కంటికి ఆనని రేణువులుగానే ఉండిపోతాయి. చూడటానికి వెన్నలా నున్నగా ఉన్న ఐసింగ్‌లో మూడింట రెండు వంతుల పంచదార ఇంకా ఘనపదార్థమే! గిలకొట్టినప్పుడు చేరే గాలి బుడగలను పక్కన పెట్టి ఘనపరిమాణాలు లెక్కిస్తే పాకం, అంటే పంచదార కరిగిన నీరు, 180 మిల్లీలీటర్లు, రేణువులు 182 మిల్లీలీటర్లు వస్తాయి. సగం పాకం, సగం పొడి.

మనకు బడిలో పదార్థానికి మూడు స్థితులు నేర్పుతారు. ఘనం, ద్రవం, వాయువు అని పిల్లలు వల్లె వేస్తారు. ఆ పాఠం చెప్పే టీచరు చేతికి ఉదయం అంటిన టూత్‌పేస్టు, బడి గోడకు వేసిన పెయింటు, వానాకాలంలో మైదానంలోని బురద ఈ మూడింటిలో ఏ గడిలోనూ ఇమడవు. వాటి గురించి ఒక్క మాటైనా చెప్పకుండా పాఠం ముగించడం నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లలు రోజూ ముట్టుకునే పదార్థాలు అవే.

వాటిని పట్టించుకున్నవారు యూజీన్ బింగ్‌హాం. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణంలో, లాఫాయెట్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధించేవారు. 1919లో హెన్రీ గ్రీన్‌తో కలిసి పెయింటు మీద ఒక పరిశోధన పత్రం వెలువరించారు. పెయింటు చిక్కటి ద్రవం కాదని, అది వేరే జాతి పదార్థమని అందులో వాదించారు. తేనె చిక్కనిది, కానీ ఎంత చిన్న తోపుకైనా కదులుతుంది, కాకపోతే నెమ్మదిగా. పెయింటు అలా కాదు. కొంత ఒత్తిడి వరకు అసలు కదలదు, ఆ హద్దు దాటితే పారుతుంది. ఆ హద్దును ఈల్డ్ స్ట్రెస్ అంటారు. మనం లొంగుబాటు హద్దు అనుకుందాం. పదార్థాలు పారే తీరును చదివే శాస్త్రానికి రియాలజీ అనే పేరు స్థిరపడింది కూడా బింగ్‌హాం వల్లే. 1929లో ఏర్పడిన రియాలజీ సొసైటీ వెనుక ఉన్నదీ ఆయనే. ఈస్టన్ నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నజరెత్ అనే ఊరు ఉంది. 1740లో మొరేవియన్ క్రైస్తవులు నెలకొల్పిన ఊరు అది. అమెరికా షుగర్ కుకీ తమ ఊళ్ళోనే పుట్టిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కుకీకీ, దాని మీది ఐసింగ్ శాస్త్రానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉండటం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

కుకీ మీద రెండు మిల్లీమీటర్ల ఎత్తున గీసిన గీతను చూడండి. దాన్ని కిందికి లాగేది దాని బరువే. సాంద్రతను, గురుత్వాన్ని, ఎత్తును హెచ్చిస్తే దాదాపు 28 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది. ఐసింగ్ లొంగుబాటు హద్దు అంతకన్నా బాగా ఎక్కువగా ఉంటే గీత గీతలాగే నిలుస్తుంది. బాగా తక్కువైతే పరుచుకుని చదునవుతుంది. అలంకరణ చేసేవారికి రెండూ కావాలి. అంచు గీయడానికి నిలిచే ఐసింగ్, లోపల నింపడానికి పరుచుకునే ఐసింగ్. గిన్నెలోని ఐసింగ్‌ను కత్తితో ఒక గీత గీసి, అది పూడుకుపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వాళ్ళు లెక్కపెడతారు. పది సెకన్ల ఐసింగ్, ఇరవై సెకన్ల ఐసింగ్ అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది అదే. అది ప్రయోగశాల కొలతకు తీసిపోని కొలత.

ఇప్పుడు ఆ చెంచాడు నీళ్ళ సంగతికి వద్దాం. పెద్ద చెంచాడు, 15 మిల్లీలీటర్లు పోశామనుకోండి. మన వంటింట్లో దీనికి సరైన పోలిక గారెల పిండి. గట్టిగా రుబ్బిన పిండి అరచేతిలో చిల్లు పెట్టినా నిలుస్తుంది. నీరు కాస్త ఎక్కువైతే జారి, నూనె పీలుస్తుంది. కానీ మినప్పిండి నీటిలో కరగదు. నీరు పిండి రేణువుల మధ్య చేరి వాటిని ఎడం చేస్తుంది, ఒకటే పని. ఐసింగ్‌లో నీరు మూడు పనులు చేస్తుంది. ఒకటి, తానే ద్రవంగా చేరుతుంది. రెండు, 30 గ్రాముల పంచదారను కరిగించి, దాన్నీ ద్రవంలో కలిపేస్తుంది. మూడు, ఆ 30 గ్రాములు రేణువుల గుంపులోంచి తగ్గిపోతాయి. అంటే ఒక పక్క పాకం పెరుగుతుంటే, మరోపక్క పొడి తరుగుతుంది. లెక్క మళ్ళీ వేస్తే పాకం 214 మిల్లీలీటర్లకు ఎక్కుతుంది, రేణువులు 164కు దిగుతాయి. రేణువుల వాటా 50 శాతం నుంచి 43కు పడిపోయింది. పంచదార కరగని పదార్థమై ఉంటే, అంటే గారెల పిండి తీరులో ఉంటే, అది 48 దగ్గరే ఆగేది.

ఏడు శాతం తేడాకే ఇంత జారుతనమా అంటే, అవును. కిక్కిరిసిన రేణువుల ప్రపంచంలో ఏడు శాతం చాలా పెద్ద సంఖ్య. గుండ్రటి రేణువులను అడ్డదిడ్డంగా కుక్కితే 64 శాతం దగ్గర ఇక కదలనంతగా బిగుసుకుపోతాయి. పంచదార రేణువులు కోణాలున్న పలుకులు కాబట్టి ఇంకా ముందే బిగుసుకుంటాయి. 56 శాతం అనుకుందాం. చిక్కదనం, ఈ హద్దుకు మనం ఎంత దూరంలో ఉన్నామన్న దాన్ని బట్టి, దాదాపు ఆ దూరపు వర్గానికి విలోమంగా మారుతుంది. 50 నుంచి 43కు దిగితే ఐసింగ్ చిక్కదనం ఐదో వంతుకు పడిపోతుంది. 48 దగ్గర ఆగి ఉంటే సగానికి కొంచెం పైనే నిలిచేది. పాఠకురాలు చూసిన మార్పు ఇదే. గిలకొట్టినప్పుడు చేరిన గాలి బుడగలు కూడా చిన్నవైతే రేణువుల్లాగే అడ్డుపడతాయి గనుక అసలు అంకెలు కొంత మారతాయి, ధోరణి మారదు.

దీనిలోంచి ఆచరణకు పనికొచ్చే విషయం ఒకటి వస్తుంది. పాకం అప్పటికే తాను కరిగించుకోగలిగినంత పంచదారను తృప్తిగా తాగేసి ఉంది. కాబట్టి జారైన ఐసింగ్‌కు పొడి కలిపితే అందులో ఒక్క రేణువూ కరగదు, వేసినదంతా ఘనంగానే చేరుతుంది. నీరు దూకుడుగా పనిచేస్తుంది, పొడి నిదానంగా పనిచేస్తుంది. అందుకే నీళ్ళను చుక్కలుగా వేసి, పంచదార కరగడానికి కొంత సమయమిచ్చి, మళ్ళీ చూసుకోవాలి. "ఆవిడ హస్తవాసి మంచిది, ఏం చేసినా కుదురుతుంది" అంటుంటాం. చేతిలో ఏ మహిమా లేదు. గరిటె తిప్పుతున్నప్పుడు వేళ్ళకు తగిలే ఎదురును గుర్తుపెట్టుకుని, ఎక్కడ ఆగాలో తెలుసుకున్న అనుభవం అది. నేర్పితే పదేళ్ళ పిల్లలకూ వస్తుంది.

ఐసింగ్ నింపి గీతలు గీసే సంచిని, అంటే పైపింగ్ బ్యాగును, పిండినప్పుడు ఏమవుతుందో కూడా చూద్దాం. దాని కొనకుండే సన్నని గొట్టమే నాజిల్. నాజిల్ గోడ దగ్గర కోత ఒత్తిడి, అంటే పొరలను ఒకదాని మీద ఒకటి జరిపే ఒత్తిడి, అత్యధికం, నడిమధ్యలో సున్నా. కాబట్టి గోడకు ఆనుకున్న పలచటి పొర మాత్రమే లొంగి పారుతుంది. మధ్య భాగం లొంగకుండా ఒకే ముద్దగా జారి బయటికి వస్తుంది. బయటికి రాగానే పొర కూడా బిగుసుకుంటుంది, గీత గుండ్రంగా నిలుస్తుంది. పారడం మొదలవ్వాలంటే కావలసిన కనీస పీడనం, లొంగుబాటు హద్దును నాజిల్ పొడవుతో హెచ్చించి, రెట్టింపు చేసి, వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. రంధ్రం సగమైతే చేతి శ్రమ రెట్టింపు. గట్టి ఐసింగ్‌ను సన్నని నాజిల్‌లో పోసి పిల్లల చేతికిస్తే కాసేపటికి వేళ్ళు నొప్పెట్టేది ఇందుకే. మరో చిట్కా: నాజిల్‌ను కుకీకి ఆనించి గీయకూడదు. కొంచెం పైకెత్తి, గాలిలో వేలాడే ఐసింగ్ దారాన్ని కుకీ మీద పరవాలి. చేతి వణుకు ఆ వేలాడే దారంలోనే చాలావరకు సర్దుకుపోతుంది. నింపిన ఐసింగ్ చదును కాకపోతే కుకీని బల్ల మీద మెల్లగా తట్టాలి. ఆ కుదుపు ఒత్తిడి హద్దును దాటిస్తుంది, ఆపగానే మళ్ళీ నిలుస్తుంది.

ఆరడం ఈ కథను వెనక్కి తిప్పడమే. ఒక్కో గ్రాము నీరు ఆవిరవుతుంటే, రెండు గ్రాముల పంచదార పాకంలో ఉండలేక స్ఫటికంగా బయటికి వస్తుంది. వచ్చి, అప్పటికే ఉన్న రేణువుల మీద పేరుకుంటుంది. పక్కపక్క రేణువుల మధ్య అతుకులు పడతాయి. 80 గ్రాముల నీరు పోతే 160 గ్రాముల అతుకు తయారవుతుందన్న మాట. ఆరిన ఐసింగ్ పళ్ళకు టక్కున తగిలేది దీనివల్లే. కాస్త గ్లూకోజ్ సిరప్ కలిపితే స్ఫటికాలు తేలిగ్గా పెరగలేవు, ఐసింగ్ మెత్తగా కొరుకుడు పడుతుంది.

రంగులు పక్క రంగుల్లోకి పాకడానికీ ఇదే కారణం. రంగు ఉండేది పాకంలో, స్ఫటికంలో కాదు. స్ఫటికం పెరిగేకొద్దీ రంగును బయటికి నెడుతుంది. మిగిలిన కాసింత తడిలో రంగు చిక్కబడి, పక్కనున్న మరింత తడి భాగంలోకి దారి వెతుక్కుంటుంది. ఎరుపు పూర్తిగా ఆరాకే దాని పక్కన తెలుపు నింపాలి.

గుడ్డు తినని ఇళ్ళ కోసం ఒక మాట. 2014లో ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ రోసెల్, పప్పుధాన్యాలు ఉడికించిన నీరు తెల్లసొనలాగే నురగ కడుతుందని చూపించారు. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీటితో కూడా రాయల్ ఐసింగ్ వస్తుంది. గుడ్డు వాడేవారు పచ్చి సొనకు బదులు మెరింగ్యూ పౌడర్, అంటే ఎండబెట్టిన తెల్లసొనతో చేసిన పొడి, వాడటం మేలు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు.

ఇక విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో ఇవి చేసేవారి ఇబ్బంది వేరు. పంచదార తృప్తిగా కరిగిన పాకం, గాలిలో తేమ 85 శాతం ఉన్నప్పుడు ఆ గాలితో సమతూకంలో ఉంటుంది. తేమ అంతకు మించితే ఐసింగ్ ఆరదు సరికదా, గాలిలోంచే నీరు లాక్కుంటుంది. లాక్కున్న ప్రతి గ్రాము నీరూ మళ్ళీ రెండు గ్రాముల రేణువులను కరిగిస్తుంది. ఎంతసేపు ఉంచినా కుకీ జిగటగానే ఉంటుంది. అప్పుడు ఏసీ ఉన్న గదిలో, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి ఆరనివ్వాలి. ఏసీ గాలిలోని తేమను తీస్తుంది, ఫ్యాన్ పైపొరను త్వరగా గట్టిపరుస్తుంది. పైపొర త్వరగా బిగుసుకుంటే, చిన్న చిన్న గడుల్లో నింపిన ఐసింగ్ మధ్యకు కుంగిపోయి గుంటలు పడటం కూడా తగ్గుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చల్లబడిన కుకీని బయటికి తీయగానే దాని మీద తేమ చెమ్మగా దిగుతుంది. ఆ చెమ్మకు ముందుగా చెదిరేది మీరు సన్నని నాజిల్‌తో గీసిన గీతలే.