మందు తాపినా నట్టలు ఎందుకు చావడం లేదు?

వానలు మొదలైన రెండు నెలలకు అనంతపురం జిల్లాలో జీవాలు మేపేవాళ్ల నోట ఒక మాట వినిపిస్తుంది. "నట్టల మందు తాపినాం సార్, అయినా దవడ కింద నీళ్లు దిగినాయి." పొద్దున మేపుకు పోయేటప్పుడు మంద వెనక పడిన గొర్రెకు సాయంత్రానికి గొంతు కింద సంచిలా వాపు వస్తుంది. కంటి రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే ఉండదు. కొన్ని రోజుల్లో అది చచ్చిపోతుంది. కాపరి ముందుగా అనుమానించేది మందునే. దొంగ మందు అంటగట్టారని అంటాడు. ఒక్కోసారి అదీ నిజం కావచ్చు. కానీ సీసాలో సరైన మందే ఉన్నా నట్ట, అంటే పొట్టలోని పురుగు, చావకపోవడం కొత్త సంగతి కాదు. దీని వెనక ఎనభై ఏళ్లకు పైబడిన ప్రయోగశాలల చరిత్ర ఉంది.

గొర్రెను ఇలా పీల్చేసే నట్ట పేరు హీమాంకస్ కంటార్టస్. అది గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. ఆడ నట్ట రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తం నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయాలు మెలి తిరిగి, ఎరుపు తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వినడానికి ఇది చుక్క కూడా కాదు. కానీ పొట్టలో వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే రెండు లీటర్ల చిల్లర. ఆడ నట్ట రోజుకు 5 వేల నుంచి 10 వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, తేమ, వెచ్చదనం దొరికితే వారం రోజుల్లో పిల్లలై గడ్డి మీదికి ఎక్కుతాయి.

కరువు జిల్లాలో తేమ ఎక్కడిదని అడగొచ్చు. ఎండ కాసే బీడు భూమిలో నట్ట పిల్లలు నిజంగానే ఎండిపోయి చస్తాయి. కానీ పచ్చిక దొరికేది చెరువు కింద, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) గట్టున, కోతలైన మడుల్లో. చుట్టుపక్కల మందలన్నీ అక్కడికే చేరతాయి. అందరి జీవాలూ అదే గడ్డి మేస్తాయి, అక్కడే పెంటికలు వేస్తాయి. పచ్చిక తక్కువున్న చోట నట్టకు దారి ఇంకా దగ్గరవుతుంది.

పాత కాలంలో చాలా దేశాల్లో గొర్రెలకు మైలుతుత్తం నీళ్లు తాపేవారు. దాంతో నట్ట చావొచ్చు, గొర్రె కూడా చావొచ్చు. 1940 ప్రాంతంలో ఫినోథయాజిన్ వచ్చింది. ఆధునిక నట్టల మందుల్లో ఇదే మొదటిది అనాలి. ఒక్కో గొర్రెకు 20 గ్రాముల దాకా పొడి ఇవ్వాల్సి వచ్చేది. అయినా అప్పటి కాపరులకు అది పెద్ద ఊరట. 1957 నాటికే అమెరికాలో ఈ మందుకు లొంగని హీమాంకస్ కనిపించింది.

1961లో మెర్క్ కంపెనీ థయాబెండజోల్ తెచ్చింది. తక్కువ మోతాదు చాలు, గొర్రెకు హాని తక్కువ. ఇంక నట్టల పని అయిపోయిందని అంతా అనుకున్నారు. మూడేళ్లు తిరక్కముందే, 1964లో, దానికీ లొంగని నట్టలు బయటపడ్డాయి. మన దేశంలో ఈ రెండు మందులకూ హీమాంకస్ లొంగడం లేదని 1976లోనే ప్రచురించారు. అంటే ఈ సమస్య నిన్నా మొన్నా మన ఊరికి వచ్చింది కాదు. థయాబెండజోల్ కుటుంబంలోనే తర్వాత వచ్చిందే ఆల్బెండజోల్. గొర్రెల కోసం తయారైన ఆ మందే 1980ల నుంచి మనుషులకూ ఇస్తున్నారు. ఫిబ్రవరిలో నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో, అంగన్వాడీలో పిల్లలకు ఇచ్చే 400 మిల్లీగ్రాముల మాత్ర అదే. గొర్రె దొడ్డిలోనూ పిల్లల బడిలోనూ వాడేది ఒకే మందు. అందుకే ఇది కాపరుల గోడు మాత్రమే కాదని నేను నమ్ముతాను.

పరాన్నజీవుల మందుల్లో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే పేరు ఎల్లాప్రగడ సుబ్బారావుది. భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, 1947లో ఆయన బృందం డైఇథైల్‌కార్బమజీన్ కనిపెట్టింది. బోదకాలు నివారణకు ఇప్పటికీ వాడేది దాన్నే. ఫైలేరియా క్రిములు సోకిన ఎలుకల మీద వరసగా రసాయనాలు పరీక్షిస్తూ పోతే దొరికిన మందు అది. ఆ రోజుల్లో పద్ధతే అంత. వందల పదార్థాలు పరీక్షిస్తే ఒక్కటి నిలిచేది.

ఐవర్‌మెక్టిన్ దొరికిన తీరు దీనికి పెద్ద ఉదాహరణ. జపాన్‌లో సతోషి ఒమూరా అనే శాస్త్రవేత్త ఎక్కడికి వెళ్లినా మట్టి తెచ్చి, అందులోని సూక్ష్మజీవులను పెంచి చూసేవాడు. ఇతో పట్టణ ప్రాంతంలో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా దొరికింది. దాన్ని ఇతర నమూనాలతో కలిపి అమెరికాలోని మెర్క్ ప్రయోగశాలకు పంపాడు. అక్కడ విలియం క్యాంప్‌బెల్ బృందం నట్టలు సోకిన ఎలుకలకు ఆ సూక్ష్మజీవులను పెంచిన ద్రవాలు తినిపించి చూసింది. ఆ ఒక్క నమూనా తిన్న ఎలుకలో నట్టలన్నీ పోయాయి. దాన్ని శుద్ధి చేసి, కొద్దిగా మార్చి తయారుచేసిన ఐవర్‌మెక్టిన్ 1981లో పశువుల మందుగా మార్కెట్‌కు వచ్చింది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు చాలు. ముప్పై కిలోల గొర్రెకు ఆరు మిల్లీగ్రాములన్నమాట. ఇరవై గ్రాముల పొడి నుంచి ఆరు మిల్లీగ్రాములకు రావడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆఫ్రికాలో నది అంధత్వం అనే పురుగుల జబ్బుతో చూపు పోతున్న మనుషులకు కూడా ఇదే మందు పనికొచ్చింది. 1987 నుంచి మెర్క్ దాన్ని ఉచితంగా ఇస్తోంది. 2015లో ఒమూరా, క్యాంప్‌బెల్‌లకు నోబెల్ వచ్చింది. అయితే 1987 వచ్చేసరికే దక్షిణాఫ్రికా గొర్రెల్లో దీనికీ లొంగని హీమాంకస్ కనిపించింది.

ఇన్ని మందులకు నట్ట ఎలా తట్టుకుంటోంది? ఇది తేల్చడం తేలిక కాలేదు. గొర్రె లేకుండా హీమాంకస్ జీవిత చక్రం ప్రయోగశాలలో పూర్తి కాదు. అందుకే పరిశోధకులు దాని దూరపు చుట్టాన్ని పట్టుకున్నారు. సీ.ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగు చిన్న గాజు పళ్లెంలో మూడు రోజుల్లో పెరిగి పెద్దదవుతుంది. మందు వేసినా చావని పురుగుల్ని ఏరి, వాటి జన్యువుల్లో ఏం మారిందో చూశారు. ఆల్బెండజోల్ లాంటి మందులు పురుగు కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వవు. ఆ ప్రోటీన్‌లో 200వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు సరిగా అతుక్కోదు. హీమాంకస్‌లోనూ ఆ మార్పే దొరికింది. లక్షల నట్టల్లో అలాంటివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మందు వాటిని పుట్టించదు. మిగతావన్నీ చచ్చాక వాటికి చోటు వదులుతుంది, అంతే.

ఆ చోటు మన దొడ్లలో ఎలా దొరుకుతోందో చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఇందులో కాపరి తప్పు కంటే అతనికి ఎవరూ చెప్పకపోవడమే ఎక్కువ. బరువు తూచకుండా కంటి అంచనాతో తాపుతారు. పెద్ద పొట్టేలుకూ బక్క గొర్రెకూ అదే కొలత. సగం మోతాదు పడిన జీవంలో మొండి నట్టలు బతికిపోతాయి. మేకల సంగతి ఇంకా ఘోరం. మేక ఒంట్లో ఈ మందులు గొర్రెలో కంటే త్వరగా కరిగిపోతాయి కాబట్టి దానికి ఎక్కువ మోతాదు కావాలి. మన మందల్లో గొర్రెలతో పాటు పది మేకలు ఉండడం మామూలే. అన్నిటికీ గొర్రె మోతాదే పోస్తారు. మేకలో బతికిన మొండి నట్ట గుడ్లు గొర్రె మేసే గడ్డి మీదే పడతాయి.

ఇంకోటి, ఎండాకాలంలో మందకంతటికీ ఒకేసారి తాపడం. వానలకు ముందే నట్టలను దించాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ నెలల్లో గడ్డి మీది నట్ట పిల్లలు ఎండకే చచ్చి ఉంటాయి. జీవాల పొట్టలోవి మందుకు చస్తాయి. మిగిలేది మొండివి మాత్రమే. తొలకరికి పుట్టేదంతా వాటి సంతానమే. కొన్ని జీవాలకు తాపకుండా వదిలేస్తే, వాటిలోని మామూలు నట్టలు మొండివాటితో కలిసి వాటి బలాన్ని పలచన చేస్తాయి. దక్షిణాఫ్రికాలో 1990లలో దీనికోసమే కంటి రెప్పల పట్టీ తయారుచేశారు. లోపలి రెప్ప రంగును ఐదు మెట్లుగా చూసి, పాలిపోయిన గొర్రెకే మందు ఇస్తారు. మన దగ్గర రెప్ప లాగి చూడడం కాపరులకు పుట్టుకతో వచ్చిన విద్య. రంగుల పట్టీ ఒక్కటి చేతికిస్తే చాలు.

కొత్త మందుల ఆశ కూడా ఉంది. 2009లో న్యూజిలాండ్‌లో మోనపాంటెల్ వచ్చింది. నాలుగేళ్లకే అదే దేశంలో మేకల్లో దానికి లొంగని నట్టలు తేలాయి. 2014లో ఆస్ట్రేలియా బార్బర్‌వాక్స్ అనే టీకాకు అనుమతి ఇచ్చింది. నట్ట పేగు గోడలోని ప్రోటీన్లతో చేసిన టీకా అది. గొర్రె రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను నట్ట రక్తంతో పాటు తాగి దెబ్బ తింటుంది. ఎంతో తెలివైన ఆలోచన. కానీ వరసగా సూదులు వేస్తూనే ఉండాలి. మోదుగ గింజలు, తుమ్మ కాయల మీద కూడా పరీక్షలు జరుగుతున్నాయి. గాజు పళ్లెంలో నట్ట చచ్చినంత మాత్రాన గొర్రె పొట్టలో చస్తుందని చెప్పలేం. దాన్ని చూసి ఇప్పుడే మందు మానేయకూడదు.

ఇప్పటికిప్పుడు మన మందలో మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తాపే రోజున పది పదిహేను జీవాల పెంటికలు నేల మీద పడకముందే తీసి పశువైద్యశాలకు ఇవ్వాలి. ల్యాబ్‌లో మూడు గ్రాముల పెంటికను 42 మిల్లీలీటర్ల నీటిలో నలిపి, వడకట్టి, చిక్కటి ఉప్పు నీటిలో కలుపుతారు. గుడ్లు పైకి తేలతాయి. గళ్లున్న స్లైడు మీద లెక్కపెట్టి, 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. పద్నాలుగో రోజున అవే జీవాల పెంటికలు మళ్లీ ఇవ్వాలి. గుడ్లు నూటికి 95 కంటే తక్కువ శాతమే తగ్గితే, ఆ మందు ఆ మందలో పనిచేయడం మానేస్తోందని అనుమానించాలి. మోతాదు సరిగా పడిందో లేదో చూసుకుని, వేరే రకం మందు ఏది ఇవ్వాలో డాక్టరు చెబుతాడు. అందుకే చెవి కత్తిరింపో రంగు గుర్తో పెట్టి, ఆ జీవాలను రెండు వారాల దాకా గుర్తుపట్టేలా ఉంచుకోవాలి.