కోచ్ కొలువుకు పునాది: కాన్సస్‌లో ఫాగ్ అలెన్

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థల నుంచి అత్యధిక వేతనం అందుకునే వ్యక్తి గవర్నరో, విశ్వవిద్యాలయ అధ్యక్షుడో కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. ఈ వేతనాలపై వాదన రేగినప్పుడల్లా టీవీ ప్రసార హక్కుల సొమ్మునే కారణంగా చూపుతారు. అందులో నిజం ఉన్నా, ఆ సొమ్ము రావడానికి ఎంతో ముందే కోచ్ పదవికి అధికారం, పలుకుబడి సమకూరాయి. బాస్కెట్‌బాల్ వరకు ఆ పని చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది ఫారెస్ట్ క్లేర్ అలెన్ గురించి.

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన జేమ్స్ నైస్మిత్, 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయానికి వ్యాయామ విద్య బోధకుడిగా వచ్చారు. ఆయన దృష్టిలో ఇది విద్యార్థుల దేహదారుఢ్యానికి, నడవడికకు ఉపకరించే ఆటే తప్ప, పక్కన నిలబడి నడిపించవలసిన పోరు కాదు. తన జట్టులో ఆడిన అలెన్‌ను బేకర్ విశ్వవిద్యాలయం కోచ్‌గా పిలిచినప్పుడు, ఈ ఆటను ఆడటమే గాని నేర్పించడం ఉండదని ఆయన నవ్వినట్టు చెబుతారు. కాన్సస్‌లో నైస్మిత్ హయాంలో జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది. గెలుపులకన్నా ఓటములు ఎక్కువగా మూటగట్టుకున్న కోచ్ అక్కడ ఈనాటికీ ఆయనొక్కరే కావడం విడ్డూరం.

అలెన్ దారి వేరు. 1907-08లో బేకర్, కాన్సస్ జట్లు రెండింటినీ నడిపిన ఆయన, తర్వాత ఎముకలు, కండరాలను చేతులతో సరిచేసే ఆస్టియోపతి వైద్యం చదివి, ఆటగాళ్ల గాయాలకు స్వయంగా చికిత్స చేసేవారు. మిస్సోరీ రాష్ట్రంలోని వారెన్స్‌బర్గ్‌లో కొన్నేళ్లు పనిచేసి 1919లో కాన్సస్‌కు తిరిగొచ్చి, 1956 వరకు అక్కడే ఉన్నారు. బేస్‌బాల్ అంపైరుగా ఉన్న రోజుల్లో ఓడల పొగమంచు హారన్‌లా (ఫాగ్‌హార్న్) మోగిన గొంతే ఆయనకు ‘ఫాగ్’ అన్న పేరు తెచ్చింది.

అయితే ఆయన ప్రభావం మైదానం బయటే ఎక్కువని నా అభిప్రాయం. 1927లో నిబంధనల సంఘం డ్రిబ్లింగ్‌ను (బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడాన్ని) ఒక్క బౌన్స్‌కే పరిమితం చేయబూనినప్పుడు, అలెన్ తోటి కోచ్‌లను కూడగట్టి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. ఆ పోరాటంలోంచి పుట్టిన జాతీయ బాస్కెట్‌బాల్ కోచ్‌ల సంఘానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. ఆట నియమాలపై కోచ్‌లు ఒక వృత్తివర్గంగా గొంతు విప్పడం అక్కడ మొదలైంది. బాస్కెట్‌బాల్‌ను 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో చేర్చాలని పట్టుబట్టినవారిలో ఆయన ముందున్నారు. 1939లో కోచ్‌ల సంఘం నడిపిన తొలి జాతీయ కళాశాలల టోర్నమెంటు నష్టాన్నే మిగల్చగా, మరుసటి ఏడాది కాన్సస్ సిటీలో ఆయన దగ్గరుండి జరిపించిన పోటీ లాభాలు తెచ్చింది.

కాన్సస్‌లో 590 విజయాలు, 1952 జాతీయ టైటిల్ ఆయన ఖాతాలో ఉన్నాయి. అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ ఆయన దగ్గర ఆడి, తర్వాత కోచ్‌లుగా ఆయనను మించిన విజయాలు సాధించారు. అయితే ఈ పరంపరకు తలుపులు అందరికీ తెరిచి లేవు. 1933లో కాన్సస్‌లో చేరిన జాన్ మెక్‌లెండన్‌కు నల్లజాతివాడైనందున విశ్వవిద్యాలయ జట్టులో చోటు దక్కలేదు. నైస్మిత్ వద్ద విద్య నేర్చిన ఆయన తర్వాత టెనెస్సీ స్టేట్‌ను 1957 నుంచి వరుసగా మూడేళ్లు ఎన్‌ఏఐఏ (చిన్న కళాశాలల జాతీయ క్రీడా సంఘం) విజేతగా నిలిపారు.

1955లో అలెన్ పేరిటే కొత్త క్రీడాభవనం తెరుచుకుంది. అదే ఏడాది, తర్వాత బాస్కెట్‌బాల్ దిగ్గజంగా పేరొందిన విల్ట్ చాంబర్లిన్‌ను ఆయన కాన్సస్‌కు రప్పించారు. మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదన్న నియమం వల్ల చాంబర్లిన్ వేచి ఉండగానే, 70 ఏళ్లకు పదవీ విరమణ తప్పనిసరన్న నిబంధన అలెన్‌కు అడ్డొచ్చింది. మినహాయింపు కోసం ఆయన చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఆయన సహాయకుడు డిక్ హార్ప్ చేతికి వెళ్లిన ఆ జట్టు 1957 జాతీయ కళాశాలల టోర్నమెంటు ఫైనల్లో మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత నార్త్ కరోలినా చేతిలో 54-53తో ఓడింది.