థైరాయిడ్ మాత్ర, టీఎస్‌హెచ్ రిపోర్టు, తిండి: రోజూ వినే అపోహలు, వాస్తవాలు

హైపోథైరాయిడిజం అంటే థైరాయిడ్ గ్రంథి ఒంటికి చాలినంత హార్మోన్ తయారుచేయలేకపోవడం. తేలిగ్గా అదుపులోకి వచ్చే జబ్బుల్లో ఇదొకటి. రోజుకో చిన్న మాత్ర, అప్పుడప్పుడు ఒక రక్తపరీక్ష, అంతే. అయినా ఏళ్ల తరబడి మందు వాడుతూ, ఆ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) ఒకసారి 2, ఇంకోసారి 9, మరోసారి 0.1 వచ్చేవాళ్లు నా ఓపీకి వస్తూనే ఉంటారు. ఎండోక్రైనాలజిస్టుగా, అంటే హార్మోన్ల జబ్బుల డాక్టరుగా నేను చూసినంతలో, ఇలాంటివాళ్లలో చాలామందికి గ్రంథి కొత్తగా చెడిపోయిందీ లేదు, మందు పనిచేయకపోవడమూ లేదు. మాత్ర కడుపులోకి ఎప్పుడు, దేనితో కలిసి వెళ్తోందన్న దగ్గరే తేడా ఉంటుంది. అందుకే రిపోర్టు తేడాగా కనిపిస్తే డోసు జోలికి వెళ్లకముందు నేను అడిగేది ఒకటే: "పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తారో వరుసగా చెప్పండి."

అపోహ: "టీఎస్‌హెచ్ 12 వచ్చింది, అంటే థైరాయిడ్ ఎక్కువైందన్నమాట."

లెక్క పూర్తిగా తిరగబడింది. టీఎస్‌హెచ్‌ని తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. కూలీ నెమ్మదించినకొద్దీ మేస్త్రీ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ హార్మోన్ తగ్గినకొద్దీ పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది. కాబట్టి 12 అంటే గ్రంథి వెనకబడిందని, లేదా వేసుకుంటున్న మాత్ర చాలడం లేదని అర్థం. 0.1 కన్నా తక్కువ వస్తే మందు ఎక్కువవుతోందని. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, సొంతంగా డోసు తగ్గించేసి, నీరసం ఇంకా పెరిగాక వచ్చినవాళ్లు ఉన్నారు.

చాలా ల్యాబులు పెద్దవాళ్లకు రాసే నార్మల్ హద్దులు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా. ఆ హద్దుల్లోపల 1.8 కాస్తా 3.1 అయితే కంగారు పడాల్సింది ఏమీ లేదు. టీఎస్‌హెచ్ ఒకే రోజులో రాత్రిపూట ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. రక్తంలో టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, కాస్త మారినా ఇది చాలా రెట్లు కదులుతుంది. పాయింట్ల తేడాకల్లా డోసు మార్చుకుంటూ పోతే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టదు. పిట్యూటరీలోనే జబ్బున్న కొద్దిమంది సంగతి వేరు. వాళ్లకు టీఎస్‌హెచ్‌ని నమ్మలేం, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) చూసి డోసు నిర్ణయిస్తాం.

అపోహ: "పరగడుపునే వేసుకుంటున్నానండీ. ఇంకేం చూడాలి?"

అసలు కథంతా ఇక్కడే ఉంది. మనం వాడే థైరాయిడ్ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్. దాన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. గ్రంథి దాదాపుగా పనిచేయని మనిషికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 100 దగ్గర. ఇంత చిన్న మోతాదులో కొంత భాగం పేగులోంచి రక్తంలోకి చేరకుండా పోయినా రిపోర్టులో తెలిసిపోతుంది.

పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, పది నిమిషాలకే కాఫీ తాగేస్తే పరగడుపున వేసుకున్న ఫలితం చాలావరకు పోయినట్టే. కాఫీ ఈ మందును సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. పాలు, టిఫిన్ కూడా ఆ తర్వాతే.

కాల్షియం, ఐరన్ మాత్రలకు గంట విరామం చాలదు. అవి పేగులో లెవోథైరాక్సిన్‌ని పట్టేసుకుంటాయి కాబట్టి నాలుగు గంటల ఎడం ఉండాలి. "నేను కాల్షియం వాడను" అని గట్టిగా చెప్పేవాళ్ల మందుల సంచి తీసి చూస్తే మల్టీవిటమిన్ కనిపిస్తుంది. దాని అట్ట వెనక చదివితే ఐరన్, కాల్షియం రెండూ ఉంటాయి. ఎసిడిటీకి తాగే సిరప్పులకూ ఇదే నాలుగు గంటల నియమం. రోజూ పొద్దున వేసుకునే గ్యాస్ మాత్రలతో వచ్చే చిక్కు ఇంకో రకం. థైరాయిడ్ మాత్ర కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, ఆ మందులు దాన్నే తగ్గిస్తాయి. ఇక్కడ ఎడం పాటించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. గ్యాస్ మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, ఆపేసినా డాక్టరుకు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

పొద్దున హడావిడిలో ఇదంతా కుదరదంటారా? రాత్రి వేసుకోండి. ఆఖరిసారి తిన్న తర్వాత మూడు గంటలు గడిచి ఉంటే పడుకునే ముందు వేసుకున్న మాత్ర కూడా బాగానే పనిచేస్తుంది. నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు, పొద్దున లేవగానే కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చేవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఏ వేళ ఎంచుకున్నా దానికే కట్టుబడి ఉండాలి.

మాత్రను ఎండ తగిలే కిటికీ పక్కన, స్టవ్ దగ్గర, బాత్‌రూమ్ అరలో పెట్టకండి. వేడికి, వెలుతురుకి, తేమకి దాని బలం తగ్గుతుంది. ఒక బ్రాండు కుదిరితే దానిమీదే ఉండండి. మార్చక తప్పకపోతే ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి.

ఇవన్నీ సరిగ్గా పాటిస్తున్నా డోసు పెంచుతూనే పోవాల్సి వస్తే, అప్పుడు పేగు జబ్బులు, ముఖ్యంగా సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఏమైనా ఉందేమో వెతుకుతాం.

అపోహ: "టెస్టుకు వారం ముందు నుంచి మాత్ర సక్రమంగా వేసుకుంటే చాలు."

దొరికిపోతారు. టీ4 వెంటనే సర్దుకుంటుంది కానీ టీఎస్‌హెచ్ నెమ్మదిగా దిగుతుంది. టీ4 బాగుండి, టీఎస్‌హెచ్ మాత్రం 15 దగ్గర ఉన్న రిపోర్టు చూస్తే మాకు ముందు వచ్చే అనుమానం అదే. తిట్టడానికి కాదు ఈ మాట చెప్పడం. మీరు మాత్రలు మానేసిన సంగతి దాచిపెడితే, ఆ రిపోర్టు చూసి అవసరం లేకుండా డోసు పెంచే ప్రమాదం ఉంది.

ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చిన ప్రభావం పూర్తిగా కనిపించడానికి ఆరు వారాలు కావాలి. రెండు వారాలకే మళ్లీ పరీక్ష చేయిస్తే డబ్బు దండగ, టెన్షన్ అదనం. మందు ఒంట్లో అంతకాలం ఉండటంలో ఒక వెసులుబాటు కూడా ఉంది. ఒకరోజు మాత్ర మరిచిపోతే కొంప మునగదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మామూలు వాళ్లయితే మర్నాడు రెండు వేసుకున్నా ఫరవాలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టరుని అడిగి పెట్టుకోవాలి. డోసు కుదురుకున్నాక ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్ష సరిపోతుంది.

పరీక్ష రోజు విషయంలోనూ అయోమయమే. టీఎస్‌హెచ్ కోసం పస్తు ఉండక్కర్లేదు. ఫ్రీ టీ4 కూడా చేయిస్తుంటే మాత్రం రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోండి, ఎందుకంటే వేసుకున్న కొన్ని గంటలపాటు టీ4 కాస్త ఎక్కువ చూపిస్తుంది. జుట్టు కోసం, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రల గురించి ఎవరూ చెప్పరు, మేం కూడా అడగడం మర్చిపోతుంటాం. కొన్ని ల్యాబు పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. చూసినవాళ్లు డోసు ఎక్కువైందని తగ్గించేస్తారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మొదలుపెట్టి, దానివల్ల థైరాయిడ్ మందు తగ్గి, జుట్టు ఇంకా రాలడం! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపండి. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షను కూడా అంత పట్టించుకోవద్దు. కోలుకున్నాక మళ్లీ చేయించాలి.

అపోహ: "రిపోర్టు నార్మల్ వచ్చింది కాబట్టి మందు ఆపేయొచ్చు. జీవితాంతం వాడితే ఒళ్లు పాడవుతుంది."

నార్మల్ వచ్చింది మందు వల్లే. అయోడిన్ సరిపడా అందే చోట్ల ఈ జబ్బుకు ముఖ్య కారణం హషిమోటో థైరాయిడైటిస్. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీన్ని వర్ణించాడు. మన రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది, అలా పోయిన కణజాలం చాలావరకు తిరిగిరాదు. ఈ మాత్ర అలవాటు చేసే మత్తుమందేమీ కాదు, గ్రంథి తయారుచేసే టీ4నే బయటి నుంచి అందిస్తోంది. 1891లో ఇంగ్లండు వైద్యుడు జార్జ్ మరే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఒక స్త్రీకి వైద్యం మొదలుపెట్టాడు. ఆ ముతక మందుతోనే ఆమె మరో 28 ఏళ్లు బతికింది. డోసు సరిగ్గా ఉన్నంతవరకు భయం లేదు. ఎక్కువైతేనే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం లాంటివి వస్తాయి, అందుకే ఏటా పరీక్ష.

అందరికీ జీవితాంతం అనీ అనలేం. ప్రసవం తర్వాత వచ్చే థైరాయిడైటిస్ లాంటివి చాలామందిలో కొన్ని నెలలకు సర్దుకుంటాయి. అది తేల్చుకునే పని డాక్టరుతో కలిసి చేయాలి, మీ అంతట మీరు కాదు. ఇంకోమాట, రోగనిరోధక వ్యవస్థ గ్రంథి మీద దాడిచేస్తోందేమో చూసే యాంటీబాడీ పరీక్ష ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించకండి. ఆ అంకె పెరిగినా తగ్గినా డోసు మారదు.

అపోహ: "క్యాబేజీ, కాలీఫ్లవర్, సోయా ముట్టుకోకూడదు."

వండుకుని మామూలు మోతాదులో తినే క్యాబేజీతో థైరాయిడ్ దెబ్బతినదు. పైగా పూర్తి డోసు మాత్ర మీద ఉన్నవాళ్లకు హార్మోన్ వచ్చేదే మాత్రలోంచి, కూర దాన్నేం చేస్తుంది? సోయా మాత్రం మందును ఒంటికి పట్టనివ్వదు. మాత్రకు దూరంగా, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే సరిపోతుంది.

నన్ను నిజంగా భయపెట్టేది "థైరాయిడ్ సపోర్ట్" పేరుతో అమ్మే సముద్రపు నాచు బిళ్లలు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే, అయోడిన్ ఉప్పుతో అది అందుతుంది. అంతకు మించి గుప్పిస్తే హషిమోటో ఉన్న గ్రంథి ఇంకా మొరాయిస్తుంది. థైరాయిడ్‌కు మంచిదని వేసుకునే సెలీనియం అనే ఖనిజం కూడా ఎక్కువైతే జుట్టే రాలుతుంది. సీలియాక్ లేనివాళ్లు గోధుమ మానేస్తే థైరాయిడ్ బాగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

అపోహ: "బరువంతా థైరాయిడ్ వల్లే."

థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. టీఎస్‌హెచ్ నార్మల్ అయ్యాక కూడా ఇరవై కిలోల అధిక బరువు ఉంటే కారణం ఇంకెక్కడో ఉంది. బరువు తగ్గడానికని మాత్ర పెంచుకోవడం గుండెతో చెలగాటం. నీరసం తగ్గకపోతే ఐరన్, బి12, నిద్రలో గురక, దిగులు ఇవన్నీ చూడాలి. థైరాయిడ్ అనే పేరు ఒకసారి తగిలించుకుంటే ఒంట్లో ప్రతి నలతనీ దాని ఖాతాలోనే రాసేస్తాం.

అపోహ: "టీఎస్‌హెచ్ 6 వచ్చింది, వెంటనే మందు వాడాలి."

టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే, ముందు రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించడమే సరైన పని. చాలామందిలో అది తనంతట తానే నార్మల్‌కు వస్తుంది. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కాస్త పెరగడం కూడా సహజం. ఇలా స్వల్పంగా పెరిగిన 65 ఏళ్లు దాటినవాళ్ల మీద చేసి 2017లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మందు వల్ల నీరసంలో గానీ ఇతర లక్షణాల్లో గానీ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకు మాత్రం ఈ ఓపిక పనికిరాదు.

అపోహ: "గర్భం వచ్చింది, మాత్రలు ఆపేయాలి."

నేను విన్నవాటిలో అన్నిటికన్నా ప్రమాదమైన సలహా ఇదే. మొదటి మూడు నెలలు బిడ్డ ఎదుగుదలకు కావలసిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే రావాలి. కాబట్టి మందు ఆపడం కాదు, పెంచాల్సి ఉంటుంది, తరచుగా పావు వంతు నుంచి 30 శాతం దాకా. ముందు నుంచీ మందు వాడుతున్నవాళ్లకు, గర్భం ఖాయమైన రోజు నుంచే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని, అంటే ఏడుకు బదులు తొమ్మిది, ముందే చెప్పి పెడతాం. ఈ సంగతి పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే మీ డాక్టరుతో మాట్లాడి ఉంచుకోండి, అపాయింట్‌మెంట్ దొరికేదాకా వారాలు పోకుండా. గర్భం సగం నెలలు వచ్చేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. ఈ సమయంలో ఐరన్, కాల్షియం తప్పనిసరిగా రాస్తారు కాబట్టి నాలుగు గంటల ఎడం ఇక్కడ మరీ ముఖ్యం: థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అని పంచుకుంటే తికమక ఉండదు. ప్రసవం కాగానే డోసు గర్భానికి ముందున్న చోటికి తగ్గించి, ఆరు వారాలకు పరీక్ష చేయిస్తాం. బిడ్డకు పాలిస్తూ కూడా ఈ మాత్ర వేసుకోవచ్చు.