ఫొటో పాడైన తీరులోనే కారణం కనిపిస్తుంది

కంప్యూటర్‌లో ఫొటోల ఆల్బమ్ తెరిస్తే చిన్న బొమ్మలన్నీ చక్కగా వరుసలో కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే పైన మూడో వంతు మామూలుగా వచ్చి, కిందంతా బూడిదరంగు పలకలా మిగిలిపోతుంది. ఇంకొకటి సగం వరకు బాగానే ఉండి, ఒక అడ్డగీత దగ్గర నుంచి రంగులన్నీ గులాబీలోకో ఆకుపచ్చలోకో జారిపోతాయి. వీటిని ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఏమీ చేయలేదు, పేర్లు పెట్టాం, అడ్డంగా ఉన్నవాటిని నిలువుగా తిప్పాం, బాగున్నవాటికి స్టార్లు ఇచ్చాం. కంప్యూటర్ లెక్కలో అది చిన్న పని కాదు. ఆ ఒక్క స్టార్ కోసం ఫొటో ఫైలు మొత్తం చెరిపి తిరిగి రాసి ఉండొచ్చు.

ఎందుకో అర్థం కావాలంటే ఫైలు లోపలికి చూడాలి. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ (పేరు చివర జేపీజీ అని ఉండే మామూలు ఫొటో) ఫైలు ఎప్పుడూ, హెక్స్ అంకెల్లో రాస్తే, ఎఫ్ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలై, ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. మొదట్లోనే ఎగ్జిఫ్ భాగం ఉంటుంది: కెమెరా పేరు, తేదీ, జీపీఎస్ వివరాలు, వాటితోపాటు సాధారణంగా 160×120 పిక్సెళ్ల చిన్న బొమ్మ ఒకటి. ఆ తర్వాత బొమ్మను విప్పడానికి కావలసిన పట్టికలు. ఎఫ్ఎఫ్ డీఏ అనే గుర్తు దాటాక అసలు చిత్రం. చిన్న బొమ్మ ఫైలు తలలో ఉంటుంది కాబట్టి మొండెం పోయినా అది బతికే ఉంటుంది. వరుసలో ఫొటోలన్నీ కనిపిస్తున్నాయని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

అసలు చిత్రం 8×8 పిక్సెళ్ల గళ్లుగా ఉంటుంది. ప్రతి గడి తన సగటు వెలుగును, రంగును నేరుగా చెప్పదు, ముందు గడి కంటే ఎంత ఎక్కువో తక్కువో మాత్రమే చెబుతుంది. పైగా ఆ అంకెలు ఒక్కొక్కటి ఒక్కో పొడవున్న హఫ్‌మన్ కోడ్‌లో ఉంటాయి. మధ్యలో ఒక్క బిట్ తిరగబడితే అక్కడి నుంచి లెక్క తప్పి, ఆ తప్పు సాధారణంగా చివరి గడి దాకా మోసుకుపోతుంది. రంగులు జారేది అందుకే. డేటా మధ్యలో ఆగిపోతే మిగిలిన గళ్లను చూపించే ప్రోగ్రామ్ బూడిదరంగుతో నింపేస్తుంది. అన్నిటికంటే బాధ కలిగించే విషయం, జేపెగ్‌లో తనను తాను సరిచూసుకునే ఏర్పాటే లేదు. పీఎన్‌జీ అనే మరో చిత్రాల పద్ధతిలో ప్రతి ముక్క చివర 32 బిట్ల సరిచూపు అంకె ఉంటుంది; జేపెగ్ మాత్రం పాడైనా నోరు విప్పదు. మూడేళ్ల తర్వాత ఎవరో తెరిచినప్పుడే తెలుస్తుంది, అప్పటికి బ్యాకప్‌లో కూడా పాడైన కాపీయే చేరి ఉంటుంది.

ఇప్పుడు స్టార్ సంగతి. అది ఎగ్జిఫ్ పక్కనే ఉండే ఎక్స్ఎంపీ భాగంలో, అంటే స్టార్లు, ట్యాగుల్లాంటి వివరాలు దాచే చోట, చేరుతుంది. తల పెద్దదైతే వెనకాల ఉన్న చిత్రం డేటా అంతా పక్కకు జరగాలి. జాగ్రత్తగల ప్రోగ్రామ్ కొత్త ఫైలును వేరేగా పూర్తిగా రాసి, సరిగ్గా పడిందని తేలాకే పాతదాని పేరు దానికి ఇస్తుంది. తొందరపాటు ప్రోగ్రామ్ పాతదాని మీదే రాస్తుంది. అలా రాస్తుండగా కరెంటు పోయినా, కార్డు లాగేసినా, నెట్‌వర్క్ డ్రైవ్ తెగినా అక్కడితో సగం ఫొటో పోయినట్టే. ఈ తిప్పలు తగ్గించడానికే ఎక్స్ఎంపీ భాగం చివర 2 నుంచి 4 కేబీ ఖాళీ వదలమని ఆ ప్రమాణం సూచిస్తుంది. ఆ ఖాళీలో ఇమిడినంత వరకు ఏదీ జరగనక్కర్లేదు.

రా ఫైళ్ల దగ్గర, అంటే కెమెరా సెన్సార్ పట్టిన డేటాను దాదాపు అలాగే దాచే ఫైళ్ల దగ్గర, ఇబ్బంది ఇంకా లోతైనది. వాటిలో చాలావరకు టిఫ్ పద్ధతిలో ఉంటాయి: ఫలానా వివరం ఫైలు మొదటి నుంచి ఇన్నో బైట్ దగ్గర ఉంది అని చిరునామాలు రాసి ఉంటాయి. కెమెరా కంపెనీ తన సొంత సెట్టింగులు పెట్టుకునే మేకర్‌నోట్ భాగంలో కూడా అలాంటి చిరునామాలే, కానీ వాటి అమరికను బయటికి చెప్పరు. కొత్త కెమెరా ఫైలును దాని సంగతి తెలియని పాత ప్రోగ్రామ్ తిరిగి రాస్తే డేటా ఒకచోట, చిరునామా మరొకచోట అవుతాయి. ఐఫోన్ 2017 నుంచి వాడుతున్న హెచ్ఈఐసీ అనే ఫొటో పద్ధతిలోనూ ఇదే ప్రమాదం. ఆ ఫొటో చిన్న చిన్న పలకలుగా ఉండి, ఏ పలక ఎక్కడుందో ఒక పట్టిక చెబుతుంది. పట్టికను సవరించకుండా తల పెంచితే బొమ్మ తెరుచుకోదు.

తప్పు ఒక్క ప్రోగ్రామ్‌దే అనుకోవడానికీ లేదు. 2007 చివర్లో మైక్రోసాఫ్ట్, ఇంట్లోని కంప్యూటర్లన్నిటి ఫైళ్లను ఒకచోట దాచే తన విండోస్ హోమ్ సర్వర్ గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది: సర్వర్‌లో ఒకటికి మించి హార్డ్ డిస్కులు ఉంటే, అందులోని ఫైళ్లను కొన్ని ప్రోగ్రామ్‌లతో నేరుగా మార్చినప్పుడు అవి పాడవచ్చు. ఆ జాబితాలో విస్టా ఫొటో గ్యాలరీ, లైవ్ ఫొటో గ్యాలరీ ఉన్నాయి. గ్యాలరీ తన పని తాను చేసింది. రాసిన బైట్లను డిస్కుల మధ్య పంచే పొరలో లోపం ఉంది. మరమ్మతు పవర్ ప్యాక్ 1 రూపంలో 2008 జులైలో వచ్చింది. అన్ని నెలలూ ఇచ్చిన సలహా ఒకటే, ఫైలును సొంత కంప్యూటర్‌లోకి తెచ్చుకుని మార్చండి అని. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఫొటోలు పెట్టుకున్నవాళ్లకు ఆ సలహా ఇవాళ్టికీ పనికొస్తుంది.

ఫొటో పాడైందని తెలియగానే మొదట చేయాల్సింది ఆపడం. ఆ ప్రోగ్రామ్‌ను మూసేయాలి, క్లౌడ్ సింక్ నిలిపేయాలి. లేకపోతే పాడైన కాపీ మిగతా చోట్లకు పాకుతుంది. తర్వాత ఫోల్డర్‌ను వేరే డిస్కుకు కాపీ చేసి, ఆ కాపీ మీదే ఏ ప్రయోగమైనా. పాడైన ఫొటోను ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయడం మాత్రం వద్దు. బూడిదరంగు భాగం కూడా అసలు చిత్రంలో భాగంగా పడిపోతుంది, ఇక దారి ఉండదు.

నిజంగా ఫైలే పాడైందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఫొటో ప్రోగ్రామ్‌లు తమ కేటలాగ్‌ను, థంబ్‌నెయిళ్లను (వరుసలో కనిపించే చిన్న బొమ్మలను) విడిగా దాచుకుంటాయి. లైట్‌రూమ్, డిజికామ్ ప్రోగ్రామ్‌ల కేటలాగ్‌లు మామూలుగా ఎస్‌క్యూలైట్ రకం డేటాబేసులే. అవి చెడితే ఫైలు బాగున్నా తెర మీద తప్పు బొమ్మ వస్తుంది. అదే ఫైలును బ్రౌజర్‌లోకి లాగి చూడండి. అక్కడ బాగా కనిపిస్తే థంబ్‌నెయిల్ క్యాష్ తుడిచి మళ్లీ తయారు చేయిస్తే సరిపోతుంది. ఫొటో పక్కకు తిరిగి కనిపిస్తే అదీ పాడవడం కాదు. ఎగ్జిఫ్‌లోని 1 నుంచి 8 వరకు ఉండే దిశ అంకె, పిక్సెళ్ల అసలు దిశ పొంతన కుదరలేదంతే. పేరు చివర జేపీజీ అని ఉండి లోపల హెచ్ఈఐసీ ఉండటం కూడా తరచూ జరిగేదే. అప్పుడు పేరు మార్చితే తెరుచుకుంటుంది.

ఫైలే పాడైతే, అందులోని బైట్లను నేరుగా చూపే హెక్స్ ఎడిటర్ తెరవాలి: విండోస్‌లో హెచ్ఎక్స్‌డీ, మ్యాక్‌లో హెక్స్ ఫీండ్, రెండూ ఉచితం. బ్యాకప్‌లో మంచి కాపీ ఒక్కటి దొరికినా పాడైనదానితో బైట్ బైట్‌నా పోల్చడం గొప్ప సాయం. విండోస్‌లో ఎఫ్‌సీ కమాండ్ బైనరీ పద్ధతిలో, మ్యాక్, లినక్స్‌లలో సీఎంపీ ఈ పని చేస్తాయి. తేడా ఉన్న తీరే నేరస్తుడిని పట్టిస్తుంది. అక్కడొక బిట్ ఇక్కడొక బిట్ మారితే ర్యామ్‌ను అనుమానించి, దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపాలి. 512 లేదా 4,096 బైట్ల గుణిజాల్లో సున్నాలో, వేరే ఫైలు ముక్కలో ఉంటే డిస్కు, కార్డు లేదా ఫైల్ సిస్టమ్. తల మారి, అక్కడి నుంచి అన్నీ పక్కకు జరిగి, చివర తెగిపోతే వివరాలు రాసిన ప్రోగ్రామ్. పాడైన ఫైళ్లన్నిటికీ ఒకే గంటలో మార్పు తేదీ ఉంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది.

ఒక గుర్తు కనిపిస్తే మాత్రం వెతుకులాట అక్కడే ఆపాలి. ఫైలు నిండా ఈఎఫ్ బీఎఫ్ బీడీ అనే మూడు బైట్లు పదేపదే వస్తుంటే, ఎవరో ఆ ఫొటోను అక్షరాల ఫైలుగా చదివి తిరిగి రాశారని అర్థం. అక్షరంగా కుదరని ప్రతి బైట్ స్థానంలో ఆ మూడు పడ్డాయి. అసలు విలువ ఏదో చెప్పే ఆధారం ఇక లేదు, ఏ మరమ్మతు ప్రోగ్రామ్ కొన్నా డబ్బు దండగ.

ఎగ్జిఫ్ మాత్రమే చెడి చిత్రం బాగుంటే మరమ్మతు తేలిక. జేపెగ్‌ట్రాన్ అనే ఉచిత పనిముట్టు వివరాలన్నీ వదిలేసి చిత్రాన్ని మాత్రం, మళ్లీ కుదించకుండా, కొత్త ఫైలుగా ఇస్తుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే మరో పనిముట్టు అయితే చదవగలిగిన వివరాలను ఏరి తలను కొత్తగా కడుతుంది. పాత ఫైలును ఒరిజినల్ అనే తోకతో పక్కన ఉంచుతుంది కూడా. తల పూర్తిగా పోతే అదే కెమెరాతో, అదే సైజు, అదే నాణ్యత సెట్టింగుతో తీసిన మంచి ఫొటో నుంచి తల అరువు తెచ్చుకోవాలి: మొదటి బైట్ నుంచి ఎఫ్ఎఫ్ డీఏ భాగం ముగిసే దాకా కాపీ చేసి, దాని వెనక పాడైన ఫైలులోని చిత్రం డేటా అతికించాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఎగ్జిఫ్‌లోని చిన్న బొమ్మ కూడా ఒక పూర్తి జేపెగ్, దానికీ సొంత ఎఫ్ఎఫ్ డీఏ ఉంటుంది. వెతగ్గానే దొరికే మొదటిది దానిదే అయి ఉంటుంది. దాన్ని దాటి అసలుదాన్ని పట్టుకోవాలి. హఫ్‌మన్ పట్టికను ప్రతి ఫొటోకు కొత్తగా తయారుచేసే ఫోన్ల విషయంలో ఈ అరువు తల కుదరదు. రా ఫైలు తెరుచుకోకపోతే దాని లోపల దాగిన జేపెగ్‌ను ఎగ్జిఫ్‌టూల్‌తో బయటికి తీయొచ్చు, చాలా కెమెరాల్లో అది పూర్తి సైజులోనే ఉంటుంది.

ఈ తంటాలకు ముందు పాత కాపీ ఎక్కడైనా ఉందేమో చూడటం మంచిది. గూగుల్ డ్రైవ్ ఫైలు పాత రూపాలను 30 రోజుల పాటు, లేదా 100 రూపాల వరకు ఉంచుతుంది. కార్డును మళ్లీ వాడకుండా ఉంటే ఫొటోరెక్ అనే ప్రోగ్రామ్ తుడిచేసిన అసళ్లను కూడా ఏరుకురాగలదు. ఏరినవాటిని అదే కార్డు మీద మాత్రం దాచొద్దు.

తెలుగులో పేర్లు, ఊళ్లు రాసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. గుణింతం, పొల్లు, సున్నా విడివిడి గుర్తులే. ఫొటోలో వివరాలు రాసే పాత ఐపీటీసీ పద్ధతిలో ఊరి పేరుకు 32 బైట్లే చోటు. విశాఖపట్నం 10 గుర్తులు, 30 బైట్లు, సరిగ్గా ఇముడుతుంది. రాజమహేంద్రవరం 13 గుర్తులు, 39 బైట్లు. 32 దగ్గర కోస్తే "రాజమహేంద్ర" మిగిలి, దాని వెనక "వ"లో రెండు బైట్లు వేలాడతాయి. అక్కడ ప్రశ్నార్థకపు డబ్బా కనిపిస్తుంది. కీవర్డుకు 64, వర్ణనకు 2,000 బైట్లు అన్నవీ ఇలాంటి హద్దులే. చిత్రానికి దీనివల్ల దెబ్బ లేదు, కానీ తాతయ్య పేరు సగం పోవడం కూడా నష్టమే. ఎక్స్ఎంపీలో ఇలాంటి హద్దులు లేవు, తెలుగు అక్కడే రాయించాలి.

కొత్త ప్రోగ్రామ్‌కు మొత్తం ఆల్బమ్ అప్పగించే ముందు అరగంట పరీక్ష పెట్టొచ్చు. రకరకాల కెమెరాలు, ఫోన్ల నుంచి ఓ 20 ఫొటోల కాపీలు తీసుకోండి, రా, హెచ్ఈఐసీ కూడా ఉండాలి. ఎగ్జిఫ్‌టూల్‌లోని ఇమేజ్‌డేటాహ్యాష్‌తో ప్రతిదానికీ అంకె రాసి పెట్టుకోండి. అది వివరాలను వదిలి చిత్రం డేటాకు మాత్రమే వేసే లెక్క. స్టార్ చేర్చినా ఆ అంకె మారకూడదు. ఇక ఆ ప్రోగ్రామ్‌లో ట్యాగులు, స్టార్లు, ముఖాల పేర్లు అన్నీ పెట్టి అంకెలు మళ్లీ తీయండి. ఒక్కటి మారినా వివరాలను ఫైలులో కాకుండా పక్కన విడి ఎక్స్ఎంపీ ఫైలులో రాసే సెట్టింగుకు మార్చండి. అలాంటి సెట్టింగే లేకపోతే అసళ్లు ఉన్న ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే అనుమతించి, కాపీలను దానికి అప్పగించండి.